పాము కక్కిన ఎలుక

"ఇల్లు చల్లగా ఉందన్నావు. ఎంత చల్లగా?" అని అడిగాడు సార్జంట్ టిండాల్.

ముసలాళ్ళ ఇళ్ళు ఊడ్చి తుడిచే షెల్లీ తల ఎత్తలేదు. ఆమె ముందున్న టీ ఎప్పుడో చల్లారి పైన తొరక కట్టింది.

"రేవులో చేపలకి మంచు కొట్టే గది ఉంటుంది కదా సార్. అంత చల్లగా. తలుపు తియ్యగానే నా నోట్లోంచి పొగ వచ్చింది."

"దీపం వేశావా?"

"స్విచ్చి నొక్కాను. వెలగలేదు. గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు పిలిచాను. ముసలాయన పలకలేదు. పబ్బుకి పోయాడేమో అనుకుని తలుపేసి వచ్చేశాను."

"లోపలికి వెళ్ళి చూడొచ్చుగా?"

"చీకట్లోనా? ఆ పాముండే ఇంట్లోనా? మీరైతే వెళ్తారా?"

పక్క కుర్చీలో ఇన్‌స్పెక్టర్ పెల్ నవ్వాడు. "ఈయన వెళ్తాడమ్మాయ్. ఈయనింట్లోనూ ఒకటుంది. వీళ్ళకదో పిచ్చి."

టిండాల్ ఆ మాట వినిపించుకోలేదు. స్టేషన్లో అందరూ అతన్ని పాములోడు అనే పిలుస్తారు. భార్య పిల్లని తీసుకుని వెళ్ళిపోయిన రోజున ఆ పిల్ల పెంచుకునే పాము ఒకటి ఇంట్లో మిగిలిపోయింది. తర్వాత పంపిస్తానన్నాడు. వాళ్ళు అడగలేదు, అతను పంపలేదు. అప్పట్నించీ ఆ ఇంట్లో ఊపిరి పీల్చే ప్రాణులు రెండే.

"ముసలాయన నీ మీద మీ ఆఫీసుకి ఫిర్యాదు చేశాడు. ఎందుకు?"

"ఇల్లు ఊడ్చే మిషను పెట్టడానికి ప్లగ్గు కావాల్సి వచ్చింది. పాముపెట్టెది పీకాను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. మర్నాడు పొద్దున్న ఆయన చూసుకున్నాడు. పాముకేం కాలేదు సార్. ఆయన మాత్రం నన్ను నానా మాటలూ అన్నాడు. సగం ఇళ్ళు తీసేశారు నాకు. ఆయనింటికి బుధవారం, శనివారం మాత్రం ఉంచారు, ఇంకెవరూ వెళ్ళమన్నారని."

"ఆదివారాలు వెళ్ళేదానివి కాదా?"

"ఆదివారం దానికి తిండి పెట్టే రోజు. వంటింటి తొట్టిలో గడ్డకట్టిన ఎలుక కరుగుతూ ఉంటుంది. దాని పక్కన నేను కప్పులు కడగాలి. ఎంతిచ్చినా వెళ్ళను."

పెల్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నలభై నిండని మనిషి. నున్నగా గీసుకున్న గడ్డం, మెరిసే బూట్లు.

"చూడు షెల్లీ. మీ సెడ్రిక్ ముసలాయన బుధవారం రాత్రి చచ్చిపోయాడు. తల మీద దెబ్బ ఉంది, తుంటి విరిగింది. మణికట్టు పట్టుకుని ఎవరో ఈడ్చినట్టు కమిలింది. ఆ సాయంత్రం ఆ గుమ్మంలో కనిపించింది నువ్వొక్కదానివే. చల్లగా ఉంది, చీకటిగా ఉంది అంటున్నావు. పక్కింటావిడ కబురు పెడితే గురువారం మధ్యాహ్నం నేను ఆ గదిలోకి వెళ్ళగానే కోటు విప్పేశాను. అక్కడ అరటికాయలు మగ్గేసుకోవచ్చు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆ ఒక్క అబద్ధం చాలు నాకు. ఆరింటికి నీ మీద హత్యకేసు రాస్తున్నాను."

షెల్లీ ఏడవలేదు. టిండాల్ వైపు తిరిగి మెల్లిగా అడిగింది. "మా బుజ్జిపాపని ఎవరింట్లోనో పెట్టారట. దీపం ఆర్పితే నిద్రపోదు సార్ అది. ఆ సంగతి వాళ్ళకెవరైనా చెబుతారా?"

టిండాల్ లేచి కోటు తీసుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, నేనొకసారి ఆ ఇల్లు చూసొస్తాను."

"మేం చూశాంగా."

"మీరు మనిషిని చూశారు. పామునెవరూ చూడలేదు."

"అయితే నేనూ వస్తాను. పాము సాక్ష్యం చెబుతుంటే వినాలి కదా. దానితో ప్రమాణం ఎలా చేయిస్తారు, పాములోడుగారూ? చెయ్యెత్తమంటే ఏది ఎత్తుతుంది?"

*

సెడ్రిక్ స్టాథర్ ఒకప్పుడు చేపల ఓడల మీద పనిచేసిన మనిషి. భార్య లేదు, పిల్లలు లేరు. ముందుగదిలో ఒక కుర్చీ, దాని ముందు చిన్న బల్ల, బల్ల మీద ఒక కప్పు. రెండో మనిషి కూర్చునే ఏర్పాటు ఆ ఇంట్లో ఎక్కడా లేదు. మంచం మీది దుప్పటికి మాసికలు. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి.

వెనకగది తీరే వేరు. కింద పలకలు పరిచిన నేల. గోడ పొడుగునా చెక్కపెట్టె, ముందువైపు జరిపే అద్దాలు. గది మూల నూనె నింపిన హీటరు ఒకటి గదంతా కాస్తోంది. తను చలికి వణికి, గదిని మాత్రం పాముకోసం కాచుకున్నాడు ముసలాయన.

టిండాల్ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు.

"ఏం కనిపిస్తోంది స్వామీ?" అన్నాడు పెల్.

"పనివాడి చెయ్యి." టిండాల్ వేలితో చూపించాడు. "కాపడం హీటరు ఒక్క కొసకే పెట్టాడు. పెట్టె అంతా కాస్తే పాము ఉడికిపోతుంది. ఇటు వేడి, అటు చల్లన ఉంటే దానికెక్కడ బాగుంటే అక్కడికి పోతుంది. హీటరు చుట్టూ ఇనప జాలీ ఉంది చూశారా? అది లేకపోతే వెళ్ళి హీటరుకే చుట్టుకుంటుంది. పాముకి వెచ్చదనం తెలుస్తుంది గాని కాలడం తెలీదు. ఒళ్ళు కమిలిపోతున్నా వదలదు."

"వేడి చూసే తీగ?"

"థర్మోస్టాటుదా? వేడి వైపునే బిగించాడు. చల్లని వైపు పెడితే అది ఇంకా చలి, ఇంకా చలి అని హీటర్ని ఆపనివ్వదు. జిగురు టేపు వెయ్యలేదు, కొక్కెం కొట్టాడు. టేపైతే పొలుసులకి అంటుకుని తోలు ఊడొస్తుంది. రెండు కొసలా రెండు థర్మామీటర్లు." వాటిని చదివాడు. "ముప్పైరెండు. ఇరవై ఆరు. నా పెట్టె కూడా ఇంత బాగా ఉండదు."

"అదే కదా నేను మొత్తుకునేది. అన్నీ లక్షణంగా పనిచేస్తున్నాయి. మరి చలి ఎక్కణ్ణించి వచ్చింది?"

టిండాల్ అద్దం జరిపాడు. వేడి కొసన గోధుమరంగు మచ్చల కొండచిలువ ముద్దలా చుట్టుకుని ఉంది. రాయల్ పైతాన్ జాతిది. మనిషి చెయ్యంత లావు. సెడ్రిక్ దానికి పెగ్గీ అని పేరు పెట్టుకున్నాడు. టిండాల్ దాన్ని కదపలేదు. చల్లని కొసన అది దాక్కోవడానికి బోర్లించిన మట్టికుండ పెంకు ఉంది. దాన్ని ఎత్తాడు.

కంపు గుప్పుమంది. పెల్ ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

పెంకు కింద ఎలుక. సగం అరిగి, బొచ్చు ఊడి, సాగిపోయి ఉంది. అంచులు ఎండి చెక్కపొట్టుకి అతుక్కుపోయాయి.

"కక్కింది," అన్నాడు టిండాల్.

"నేనూ కక్కేలా ఉన్నాను. మూసెయ్యి."

"మన కడుపులో నిప్పుంటుంది ఇన్‌స్పెక్టర్ గారూ. పాముకి ఉండదు. బయటి వేడే దానికి జఠరాగ్ని. తిన్నాక ఒక పగలూ రాత్రీ చలిలో ఉందంటే లోపలిది అరగదు, కుళ్ళుతుంది. కుళ్ళినదాన్ని దాచుకుంటే తనే చస్తుంది. అందుకని కక్కేస్తుంది. ఆదివారం తిన్న ఎలుక ఇది. ఎండిన తీరు చూస్తే నిన్న కక్కింది కాదు. మంగళవారమో బుధవారమో ఈ పెట్టె రాయిలా చల్లబడింది."

పెల్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చాడు. వెటకారం తగ్గింది గాని మొండితనం తగ్గలేదు. "ఆ పిల్ల మళ్ళీ ప్లగ్గు పీకి ఉంటుంది."

"ఎప్పుడు? శనివారం తర్వాత ఆమె ఈ వీధిలోకి వచ్చింది బుధవారం సాయంత్రమే. మీ కేసులో మీరే రాసుకున్నారు."

"ప్లగ్గు వదులై ఉంటుంది."

"రండి."

వంటింట్లో పొయ్యి మీది గడియారం సున్నాలు చూపిస్తూ మిణుకుమంటోంది.

"మా అమ్మగారింట్లో ఏడాది పొడుగునా అలాగే కొట్టుకుంటుంది," అన్నాడు పెల్.

"మీ అమ్మగారు ఓడ మనిషి కాదు. ఈయనింట్లో మిగతా గడియారాలు చూడండి. అన్నీ నిమిషం తేడా లేకుండా ఉన్నాయి, అన్నీ బ్యాటరీవే. ఇదొక్కటే ఇలా ఉందంటే ఇంటికి మొత్తం కరెంటు పోయి వచ్చింది. ఆయన ఉండగా వచ్చుంటే సరిచేసుకునేవాడు."

మీటరు మెట్ల కింద ఉంది. ప్లాస్టిక్ తాళంచెవిని దుకాణానికి తీసుకెళ్ళి, దాంట్లో డబ్బు ఎక్కించుకుని వచ్చి గుచ్చుకునే రకం. డబ్బు అయిపోతే కరెంటు ఆగిపోతుంది. ఆ తాళం మీటరులోనే గుచ్చి ఉంది.

టిండాల్ జేబులోంచి టెలిఫోను తీసి స్టేషనుకి కలిపాడు. షెల్లీని ఒక్క మాట అడగమన్నాడు. ఆయన మీటరు తాళం ఎక్కడ పెట్టుకునేవాడు? ప్యాంటు వెనక జేబులో అని జవాబు వచ్చింది. నిద్రపోయినా తీసేవాడు కాదు. పాము ప్రాణం దాంట్లో ఉంది, ఎవర్నీ ముట్టుకోనివ్వను అనేవాడట.

"అంటే కరెంటు పోయింది," అన్నాడు పెల్, ఒక్కో మాటా కొలిచి చూసుకుంటూ. "ఆ పిల్ల వచ్చేసరికి చీకటే. ఆ తర్వాత ఇంకెవరో వచ్చారు. ముసలాయన జేబులోంచి తాళం తీశారు. డబ్బు ఎక్కించారు. గది వెచ్చబెట్టారు. హంతకుడు పాముకి కాపడం పెట్టి పోయాడంటావు."

"హంతకుడని నేననలేదు."

"డాక్టరు కూడా గొణుగుతున్నాడు. తల దెబ్బ చిన్నది, దానికి మనిషి చావకూడదు అని."

"దేనికి చచ్చాడో వెతికాడా?"

"దేనికని వెతుకుతాడు?"

"చలికి," అన్నాడు టిండాల్. "కోటు విప్పుకునే గదిలో శవం ఉంటే చలి సంగతి ఎవడికి గుర్తొస్తుంది?"

పెల్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

టిండాల్ మళ్ళీ పెట్టె దగ్గరికి వెళ్ళి వంగాడు. చల్లని కొసన చెక్కపొట్టు ఒకచోట అణిగి ఉంది. పలక ఆకారం, ఒక పక్క చిన్న మెడ. ఆ ఆకారం అతనికి బాగా తెలుసు. మంచంలో రెండో పక్క ఖాళీ అయినప్పట్నించీ చలికాలం రాత్రులు అదే పెట్టుకుని పడుకుంటున్నాడు. వేణ్ణీళ్ళు పోసుకునే రబ్బరు సంచి. చెక్కపొట్టు పేళ్ళకి ఊదారంగు ఉన్ని పోగులు రెండు చిక్కుకుని ఉన్నాయి.

"ఎవరో వేణ్ణీళ్ళ సంచి పెట్టారు దీనికి. అల్లిన తొడుగేసి మరీ పెట్టారు, ఒళ్ళు కాలకుండా. కరెంటు లేనప్పుడు పాము పెంచేవాళ్ళు చేసే పనే. సంచి ఆరిపోయినప్పుడల్లా తీసి మళ్ళీ నీళ్ళు కాచి పొయ్యాలి. ఈ ఇంట్లో కాచడానికి కరెంటు లేదు."

ఇద్దరూ ఒకేసారి గోడ వైపు చూశారు. గోడకి అవతల ఇంకో ఇల్లు ఉంది.

"శవాన్ని చూసి మనకి కబురు పెట్టిన ముసలావిడ," అన్నాడు పెల్. "పామంటే హడలనీ, ఆ గది గడప తొక్కననీ చెప్పింది నాతో."

*

ఎనిడ్ కాక్రిల్ తలుపు వెంటనే తీసింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నట్టుంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. పొట్టిగా, ఎండిపోయి ఉంది. చేతిలో ఊదారంగు తొడుగేసిన రబ్బరు సంచి పట్టుకునే వచ్చింది. తొడుగు అల్లికలో చెక్కపొట్టు పేళ్ళు ఉన్నాయి.

"టీ తాగుతారా నాయనా?" అంది.

"వద్దమ్మా. కూర్చోండి." టిండాల్ పీట లాక్కుని కూర్చున్నాడు. పెల్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "ఆ సంచి ఇంకా వెచ్చగా ఉందా?"

ఆమె సంచి వైపు చూసుకుంది. దాచబోలేదు. "చల్లారిపోయింది," అంది.

"పెగ్గీకి అదే పెట్టారు."

"చూశారన్నమాట." సంచిని ఒళ్ళో సర్దుకుంది. "పామంటే నాకు హడలన్న మాట అబద్ధం కాదు. కళ్ళు మూసుకుని పెట్టేదాన్ని. అటు పెట్టు, ఇటు పెట్టు అని తను చెప్తూ ఉండేవాడు."

పెల్ తలుపు వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "చెప్తూ ఉండేవాడా? బతికి ఉన్నాడా అప్పుడు?"

"బుధవారం దాకా ఉన్నాడు."

టిండాల్ గొంతు పెంచకుండా, "మొదట్నించీ చెప్పండి," అన్నాడు.

"మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. వీధిలో కనిపిస్తే తలూపేవాడు, అంతే. కానీ రాత్రి పడుకోబోయే ముందు గోడ మీద ఒక దెబ్బ కొట్టేవాడు. నేనూ ఒకటి కొట్టేదాన్ని. ఏళ్ళ తరబడి అదే. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. సోమవారం దెబ్బ మీద దెబ్బ కొట్టాడు. వెనక తలుపులోంచి వెళ్ళాను. హీటరు మార్చి దిగబోతూ స్టూలు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. తల పెట్టె మూలకి కొట్టుకుంది."

"అంబులెన్సు పిలవాలి కదా," అన్నాడు పెల్.

"వద్దన్నాడు. ఒట్టేయించుకున్నాడు. నన్ను ఈ గడప దాటిస్తే మళ్ళీ రానివ్వరు ఎనిడ్, ముసలాళ్ళ ఇంట్లో పడేస్తారు, పెగ్గీని ఎవడికో ఇచ్చేస్తారు అన్నాడు. అది నిజం కాదంటారా?"

పెల్ తన మెరిసే బూట్ల వైపు చూసుకున్నాడు.

"మంగళవారం పొద్దున్న కరెంటు పోయింది. తాళం వెనక జేబులో ఉంది, దాని మీదే పడుకుని ఉన్నాడు. మణికట్టు పట్టుకుని కాస్త లాగితే ఓడ విరిగినంత కేక వేశాడు. నా వల్ల కాలేదు. దుప్పట్లు తెచ్చి కప్పాను. కింద పలకలు నాయనా, ఎన్ని కప్పితే ఏం లాభం. నా దగ్గర సంచి ఒక్కటే ఉంది. నీళ్ళు కాచి తెచ్చి ఆయన పొట్ట మీద పెట్టాను. తీసి పెగ్గీ దగ్గర పెట్టమన్నాడు. నీకు బుద్ధుందా అన్నాను. నాకు కోటుంది, దానికేముంది అన్నాడు."

"ఎన్నిసార్లు పెట్టారు?"

"కాచినప్పుడల్లా. ప్రతిసారీ దానికే. చల్లారిందని ఇంటికెళ్తుంటే త్వరగా వచ్చెయ్ అనేవాడు. సముద్రం కబుర్లు చెప్పాడు. ఐస్‌లాండ్ దగ్గర మంచు తాళ్ళకి పట్టేస్తే గొడ్డళ్ళతో కొట్టేవాళ్ళట. అన్ని మాటలు ఆయన దగ్గర ఉన్నాయని నాకు తెలీదు."

"ఆ లాగడానికే మణికట్టు కమిలింది. ఆయన చనిపోయాక మళ్ళీ దొర్లించారు," అన్నాడు టిండాల్.

"అవును. అప్పుడిక నొప్పి లేదుగా. తాళం తీసుకుని, తెల్లారి కొట్టు తియ్యగానే వెళ్ళాను. గది వెచ్చబడేదాకా ఉండి అప్పుడు మీకు కబురు చేశాను. వెచ్చబెడతానని మాటిచ్చాను."

పెల్ గొంతు సవరించుకున్నాడు. "బుధవారం సాయంత్రం ఆ పిల్ల వచ్చి పిలిచింది. మీరెక్కడున్నారు?"

ఆమె సంచి తొడుగులోంచి ఒక పేడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పిల్ల మీద హత్యకేసు రాస్తున్నారమ్మా," అన్నాడు టిండాల్. "ఆమెకి చిన్నపిల్ల ఉంది."

"నాకు తెలీదు నాయనా. ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పాను."

పెల్ టెలిఫోను తీశాడు. స్టేషనుతో రెండు ముక్కలు మాట్లాడాడు. "షెల్లీ డ్రూరీని కూర్చోబెట్టండి. ఏమీ రాయొద్దు. పిల్లని ఎక్కడ పెట్టారో కనుక్కుని తీసుకురండి." పెట్టేసి ఎటో చూశాడు.

ఎనిడ్ అది విన్నాక మాట్లాడింది.

"అక్కడే ఉన్నాను. చీకట్లో ఆయన పక్కన, నేల మీద. ఆ పిల్ల మిస్టర్ స్టాథర్ అని పిలిచింది. నేను నోరు తెరిచాను. అమ్మాయ్ ఇటు రా అని అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తి నా నోటి మీద పెట్టాడు."

"బలవంతంగా మూశాడా?" పెల్ అడిగాడు. ఆ అడగడంలో ఆశ ఉంది. అవునంటే కేసు లేదు.

టిండాల్ మనసులో కూడా అదే ఉంది. అవునను తల్లీ, అనుకున్నాడు.

"బలమెక్కడిది? వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. ఒక్క వేలితో తీసి పక్కన పెట్టొచ్చు." ఆమె తన చెయ్యి తన నోటి దగ్గరికి తెచ్చుకుని, తాకకుండా ఆపింది. "మా ఆయన పోయాక నా మొహం మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు. డాక్టరు కూడా చేతి తొడుగు వేసుకునే చూస్తాడు. ఆ పిల్ల రెండోసారి పిలిచింది. ఇప్పుడు పిలిస్తే వీళ్ళొస్తారు, ఈయన్ని తీసుకుపోతారు, బతుకుతాడు, నాకు తెలుసు నాయనా. తెలిసే, ఇంకొంచెం సేపు ఉండనిద్దాం అనుకున్నాను. ఈలోగా ఆ పిల్ల తలుపేసుకుని వెళ్ళిపోయింది."

పెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెప్పాల్సిన మాటలు చెప్పడానికి నోరు తెరిచాడు. టిండాల్ అతని వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపాడు.

పీట దగ్గరగా జరుపుకున్నాడు. ముసలావిడ ఒళ్ళోంచి చల్లారిన సంచి తీసి బల్ల మీద పెట్టి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎనిడ్ గారూ," అన్నాడు. "ఇక మీరేమీ చెప్పనక్కర్లేదు."

అరెస్టు మాటలు అలాగే మొదలవుతాయి. మిగతావి కూడా అతను చెయ్యి వదలకుండానే చెప్పాడు.